నాలుగో గడి

మూడు గంటల ఐదు నిమిషాలకి నేను ఆ మెట్లు ఎక్కాను. ఐదింటికి కార్డు కంపెనీ కంప్యూటర్ ఆ ఫైలుకి తాళం వేసేస్తుంది. ఈలోగా, రెండో అంతస్తులో కుట్టుమిషన్ పెట్టుకుని ఒంటరిగా బతుకుతున్న ఒక పెద్దావిడ దొంగో, దొంగ చేతిలో మోసపోయిన మనిషో నేను తేల్చాలి. తేల్చలేకపోతే ఆవిడకి ఒక కన్ను పోతుంది.

మాటవరసకి అనడం లేదు. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. మొదటి కంటికి పది రోజుల కిందట, మంగళవారం నాడు ఆపరేషన్ అయింది. రెండోది బాగా ముదిరిపోయింది, వచ్చే నెల దాటితే కోసినా లాభం లేదని డాక్టరు రాసిచ్చాడు. దానికోసం దాచుకున్న మూడు లక్షలు కంపెనీలో డిపాజిట్ రూపంలో ఉన్నాయి. ఆవిడకి క్రెడిట్ కార్డు ఇచ్చింది కూడా ఆ డిపాజిట్ హామీ మీదే. ఆపరేషన్ రోజున, ఆవిడ బల్ల మీద కదలకుండా పడుకుని ఉన్న వేళ, ఆ కార్డు ఖాతా మీద ఎవరో ముప్పై తొమ్మిది నిమిషాల్లో ఆరు లక్షల ఎనభై వేలు గీకేశారు. మోసమని తేలితే కంపెనీ ఆ నష్టాన్ని దిగమింగుతుంది. తేలకపోతే డిపాజిట్ జమ చేసుకుని, మిగతాదానికి కుట్టుమిషన్ పట్టుకుపోతుంది.

నన్ను కంపెనీలో ఆరా అంటారు. ఫైలుకి ఇంతని కూలి తీసుకుని మోసాల ఆరా తీస్తాను కాబట్టి ఆ పేరు. మనిషిని ప్రశ్నలు అడిగేటప్పుడు ఫోన్ మోగకూడదన్నది నా పంతం. మెట్ల మీదే దాని నోరు నొక్కి సంచీ అడుగున పడేశాను. ఆ మాట ఆరోజు పొద్దున వచ్చిన శుక్రవారం ఫోన్‌లో చెప్పి ఉంచాను కూడా. మూడు నుంచి ఐదు దాకా దొరకను, ఏమీ అనుకోకమ్మా అని.

శుక్రవారం ఫోన్ అంటే, ఏడాదిగా ప్రతి శుక్రవారం పదీ నలభైకి నాకు వచ్చే ఫోన్. మొదట ఏదో సర్వే అని ఒకమ్మాయి చేసింది. పది ప్రశ్నలు అడిగి, పదకొండోదిగా "భోంచేశారా సార్" అంది. నా భార్య పోయాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మా ఇంట్లో రెండో కప్పు నాలుగేళ్ళుగా బోర్లించే ఉంది. రెండు నెలలకి ఆ అమ్మాయి నోట్లో సారు పోయి అన్నయ్య వచ్చాడు. వెనకాల ఎప్పుడూ ఒక ఫ్యాను కిర్రుమంటూ ఉంటుంది. ఆ చప్పుడు వినపడితే వారం అయిందని నాకు తెలుస్తుంది. సరే, అది నా సొంత గొడవ.

తలుపు తీసే ఉంది. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో చక్రవడ్డీ కూర్చుని ఉన్నాడు.

చక్రవడ్డీ రికవరీ విభాగంలో పెద్ద. అతను ఒక ఇంటికి రెండోసారి వచ్చేసరికి బాకీ ఖాయంగా పెరిగి ఉంటుంది. అసలు పేరు వాళ్ళావిడ కూడా మర్చిపోయిందని ఆఫీసులో చెప్పుకుంటారు.

"రండి ఆరాగారూ. మీకోసమే కుర్చీ వేడిచేసి ఉంచాను" అన్నాడు. లేవలేదు.

ఆవిడ మిషన్ ముందు పీట మీద కూర్చుని ఉంది. ఒక కంటి మీద ప్లాస్టిక్ మూత, రెండో కన్ను పాలు విరిగినట్టు తెల్లగా. హోటళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాల కాలర్లు అరిగిపోతే విప్పి, తిరగేసి కొత్తవిగా కుడుతుంది. చుట్టుపక్కల అందరూ కాలర్లమ్మ అంటారు.

"ముందు రూలు" అన్నాడు చక్రవడ్డీ, ఒళ్ళో టాబ్లెట్ తెరిచి. "మీకు ఈమెతో గానీ, ఈ కేసులో ఇంకెవరితో గానీ చుట్టరికం ఉందా? ఉంటే మీ రిపోర్టు చెల్లదు."

"నాకెవరితోనూ చుట్టరికం లేదు."

"తెలిసిందేలెండి. అయినా టిక్కు పెట్టాలిగా" అని పెట్టాడు.

నేను నేల మీదే చతికిలబడి కాగితాలు తీశాను.

"ఆపరేషన్ రోజు ఎన్నింటికి బయల్దేరారమ్మా?"

"ఎనిమిదిన్నరకి బాబూ. తొమ్మిదికల్లా రమ్మన్నారు."

"ఫోన్ ఎక్కడుంది?"

"లోపలికి తీసుకెళ్ళేముందు నర్సమ్మ తీసుకుని బీరువాలో పెట్టింది. మళ్ళీ పన్నెండున్నరకి ఇచ్చింది."

ఆసుపత్రి రిజిస్టరు నేను అప్పటికే చూశాను. ఫోన్ లోపలికి వెళ్ళింది తొమ్మిదీ ఇరవైకి. మొదటి గీకుడు పదీ పన్నెండుకి, ఆఖరిది పదీ యాభై ఒకటికి. దొంగకి ఆవిడ ఫోన్ మూగగా ఉండే టైము నిమిషాలతో సహా తెలుసు.

"ఆ రోజు ఆపరేషన్ అని ఎవరెవరికి చెప్పారు?"

"డాక్టరుగారికి తెలుసు."

నవ్వు ఆపుకున్నాను. "ఆయనకి తెలియకపోతే కష్టమేనమ్మా. ఇంకెవరికి?"

ఆవిడ మిషన్ మీద దారం కొస పట్టుకుని వేలికి చుట్టుకుంది. "ఇంకెవరికి చెప్తాను బాబూ, నాకెవరున్నారు" అంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అని అప్పుడే అర్థమైంది. ఆ చుట్టుకున్న దారాన్ని గుర్తు పెట్టుకున్నాను.

"ఇలా అడిగితే తెల్లారిపోతుంది" అన్నాడు చక్రవడ్డీ. "నేను చెప్తాను వినండి. గీకింది ఈమె కార్డు కాదు. ఈమె ఖాతా మీదే పుట్టిన రెండో కార్డు. యాడ్‌ఆన్ అంటామే, ఇంట్లోవాళ్ళకి ఇప్పించేది, అది. మూడు నెలల కిందట ఈమె ఫోన్‌కి కోడ్ వచ్చింది. ఈమె చెప్పింది. కార్డు పుట్టింది. అంతకుముందు పది నెలల్లో నాలుగుసార్లు లిమిట్ పెంచుకుంది. ఎనభై వేలది ఏడు లక్షలైంది. ప్రతినెలా బిల్లు తయారయ్యేది ఇరవయ్యో తారీఖున. ఈమె పద్దెనిమిదినే కట్టేస్తుంది. క్రెడిట్ స్కోరెంతో తెలుసా? ఎనిమిది వందల పన్నెండు. నాది ఏడు వందలు. కాలర్లు కుట్టుకునే మనిషికి ఇన్ని కిటుకులు ఎవరు నేర్పారండీ?"

అతనంటే నాకు గిట్టదు గానీ ప్రశ్న మాత్రం మంచిది.

బిల్లు గడువు లోపల కట్టడం అందరికీ తెలుసు. బిల్లు తయారు కాకముందే కట్టేస్తే, ఖాతాలో బాకీ తక్కువగా నమోదై స్కోరు పెరుగుతుందని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఖాతాని ఇలా మెల్లగా మేపుతారు. కొంచెం వాడించి, ముందే కట్టించి, స్కోరు పెంచి, లిమిట్ పెంచి, ఒక్క పూటలో మొత్తం ఊడ్చేస్తారు. దీనికి ఓపిక కావాలి. ఈ పాఠానికి నేనొక మాట కట్టుకున్నాను. కార్డు లిమిట్ అంటే పక్కింటివాళ్ళ పది మెట్ల నిచ్చెన, ఎక్కొచ్చు గానీ మూడో మెట్టు దాటకూడదు అని. నా సొంత మాట అది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, నేను నోరు తెరిస్తే అందరూ టీకి లేస్తారు. విని నవ్వింది ఒక్క మనిషే.

"గది చూడొచ్చా అమ్మా?" అన్నాను. మూడూ నలభై అయింది.

"ఏముంది బాబూ చూడ్డానికి" అంటూనే ఆవిడ పీట జరిపింది.

నిజంగానే పెద్దగా ఏమీ లేదు. ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. గోడకి భూతద్దం దారంతో వేలాడుతోంది. కమ్మీకి పాతిక దాకా చొక్కాలూ కోట్లూ. ప్రతిదానికీ ఒక చీటీ గుచ్చి ఉంది. హోటల్ గేటు దగ్గరి మనిషి, మూడో వార్డు నర్సు, లిఫ్టు అబ్బాయి. గోడ మీద ఇంకో వరస చీటీల్లో కొలతలు. ఆవిడ ఎవరినీ పేరుతో గుర్తుపెట్టుకోదు, పనితో గుర్తుపెట్టుకుంటుంది. నాకూ అదే అలవాటు కాబట్టి ఆ గోడ నాకు నచ్చింది.

క్యాలెండర్‌లో ప్రతినెలా పద్దెనిమిది చుట్టూ ఎర్ర సున్నా. అది బిల్లు. కానీ ప్రతి గురువారం మీదా నీలం పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంది. పేజీలు వెనక్కి తిప్పాను. పద్నాలుగు నెలలు, ఆపరేషన్ ముందు వారం దాకా ఒక్క గురువారం తప్పలేదు.

మళ్ళీ కొలతల గోడ దగ్గరికి వెళ్ళాను. అన్ని చీటీల మీదా ఏదో ఒక పని రాసి ఉంది. ఒకదాని మీద మాత్రం ఏమీ లేదు. ఛాతీ, నడుము, చేతి పొడుగు, కింద 'ఎడమ భుజం అరంగుళం దిగువ'. పేరు ఉండాల్సిన చోట నీలం చుక్క.

"ఈ చుక్క ఎవరమ్మా?"

ఆవిడ దారం మళ్ళీ వేలికి చుట్టుకోబోయి మానేసింది.

"గురువారం పదకొండుకి ఫోన్ చేస్తుంది" అంది చివరికి. "కంపెనీ సంరక్షణ విభాగం అని చెప్పింది."

"మా దగ్గర అలాంటి విభాగం లేదు" అన్నాడు చక్రవడ్డీ.

"ఏమో బాబూ. ఫోన్ మాత్రం చేసేది."

"ఏం మాట్లాడేది?" అని నేనడిగాను.

"ఈ వారం ఏం కుట్టారమ్మా అనేది." ఆవిడ ముఖం కొంచెం విచ్చుకుంది. "కాలర్ తిరగేసి కుట్టడం అంటే ఏమిటో మొత్తం చెప్పించుకుంది. అరగంట పట్టింది. నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నాను, ఎలా చేస్తావని ఒక్కళ్ళు అడిగిన పాపాన పోలేదు. ఆ పిల్ల అడిగింది. మధ్యలో ఊ కొట్టేది. ఒకసారి నేను ముందు చెప్పింది మర్చిపోతే తనే గుర్తు చేసింది."

గోడ మీది చీటీ చూపించి, "ఈ కొలతలు ఎలా వచ్చాయి?" అన్నాను.

"నేనే చెప్పమన్నాను. చలికాలం వస్తోందంటే ఒక కోటు కుట్టాను. చేత్తో టేపు పట్టుకుని కొలుచుకుంటూ చెప్పింది. భుజం తేడా నేనే పట్టుకున్నాను, చెవి దగ్గర ఫోన్ నొక్కి నొక్కి అలా అయిందట. పార్సిల్ ఆఫీసు కౌంటర్‌లో తీసుకుంటానంటే పంపాను. రసీదు ఉంది."

రసీదు తీసి ఇచ్చింది. నేను దాన్ని సంచీలో దాచాను. పద్నాలుగు నెలల్లో దొంగ వదిలిన మొదటి ఆనవాలు అది.

చక్రవడ్డీ టాబ్లెట్ మీద వేలు జరుపుతూ హఠాత్తుగా ఆగాడు. "కోటన్నావు కదూ. ఇదేనా చూడు" అని తిప్పి చూపించాడు. నగల కొట్టు కెమెరా తీసిన బొమ్మ, ఆపరేషన్ రోజు పదీ ముప్పై ఒకటికి. ఒక ఆడమనిషి వీపు, జుట్టు, పైకి నిలబెట్టిన కోటు కాలర్. ముఖం పడలేదు.

ఆవిడ టాబ్లెట్ అందుకుంది. ప్లాస్టిక్ మూత ఎత్తి, భూతద్దం లాక్కుని, కొత్త కంటితో ఆ బొమ్మని దగ్గరగా చూసింది. చాలాసేపు చూసింది. వేలితో కాలర్ మీద జంట కుట్టుని తడిమింది.

"వేసుకుంది" అంది.

ఆవిడ గొంతులో కోపం కోసం వెతికాను. లేదు. భుజం దగ్గర సరిగ్గా కూర్చుందో లేదో అన్న చూపే ఉంది ఆ కంట్లో. నా ఉద్యోగంలో చాలా ఏడుపులు చూశాను గానీ, ఆ ఒక్క మాట విన్నప్పుడు అయినంత బాధ నాకెప్పుడూ కాలేదు.

"అంటే తెలిసిన మనిషే. చాలు" అన్నాడు చక్రవడ్డీ. "ఇప్పుడిది చూడండి ఆరాగారూ. యాడ్‌ఆన్ దరఖాస్తు. ఒకటో గడి పేరు, రెండోది వయసు, మూడోది ఫోన్ నంబరు. మొదటి మూడూ దొంగవే, ఒప్పుకుంటా. నాలుగో గడి మీరే చదవండి."

నాలుగో గడి కార్డుదారుతో సంబంధం. అందులో 'కూతురు' అని ఉంది.

"మీకు పిల్లలున్నారా అమ్మా?"

"లేరు బాబూ."

"మరి ఇది ఎవరు రాయమన్నారు?"

గోడ గడియారంలో ముల్లు నలభై సెకన్లు నడిచింది. నాకు విసుగొచ్చింది. నాలుగూ ఐదయింది, ఔననడానికో కాదనడానికో మనిషికి ఇంతసేపు ఎందుకు పట్టాలి అనుకున్నాను. "టైము లేదమ్మా, ఏదో ఒకటి చెప్పండి" అని కాస్త గట్టిగానే అన్నాను.

"లిమిట్ పెంచాలంటే చుట్టం పేరు ఒకటి కావాలంది" అంది ఆవిడ, తల దించుకుని. "నాకెవరూ లేరన్నాను. అయ్యో అలాగా అంది. తర్వాత, పోనీ నన్ను రాయమంటారా అమ్మా, ఎలాగూ అమ్మా అనే పిలుస్తున్నానుగా అంది. రాయమన్నాను."

"విన్నారా, రాయమంది" అన్నాడు చక్రవడ్డీ. "ఒప్పుకున్నాక మోసమెక్కడ? ఎవరో అమ్మా అంటే కూతురైపోతుందా? నన్ను రోజూ పదిమంది బాబాయ్ అంటారు, ఆస్తి రాసిస్తానా?"

"చుట్టం పేరు రాయమంది. కార్డు ఇమ్మనలేదు" అన్నాను.

"కోడ్ మెసేజ్‌లో అంతా రాసే ఉంటుంది. యాడ్‌ఆన్ కార్డు కోసం, ఎవరికీ చెప్పొద్దు అని. చదివే చెప్పింది."

"అమ్మా, మీ ఫోన్ ఇవ్వండి."

ఆవిడ మెసేజ్‌లు చెరిపే రకం కాదు. మూడు నెలల కిందటిది దొరికింది. చీమ తలకాయలంత అక్షరాలు, మధ్యలో కోడ్ మాత్రం పెద్ద అంకెల్లో. సరిగ్గా ఆ వారమే కంటి డాక్టరు రాసిన కాగితం నా దగ్గరుంది. మొదట అది ఆపరేషన్ రుజువు కోసం తెచ్చాను. ఇప్పుడు అంతకంటే ఎక్కువ పనికొచ్చింది.

"చదవండి" అని చక్రవడ్డీకి ఇచ్చాను. "భూతద్దం పెట్టినా రెండు కళ్ళతోనూ పెద్ద అంకెలు తప్ప అక్షరాలు ఆనవు, అని ఉంది. తేదీ చూడండి. కోడ్ చెప్పడానికి రెండు రోజుల ముందు. ఆవిడ అంకెలు చదివింది. మెసేజ్ చదవలేదు, చదవలేకపోయింది. తను దేనికి ఒప్పుకుంటోందో తెలియకుండా ఒప్పుకున్న మనిషి పేర బాకీ రాయలేరు. మీ రూలే అది."

"చదవలేకపోతే ఎవరిచేతైనా చదివించుకోవాలి."

"ఎవరిచేత?"

అతను గది చుట్టూ చూశాడు. ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. డాక్టరు కాగితం నాకు తిరిగిచ్చేశాడు.

ఫిర్యాదు కాగితం రాశాను. 'పేరు తెలియని ఆ స్త్రీ నన్ను మోసం చేసింది' అన్న వాక్యం కింద ఆవిడ సంతకం కావాలి. చదివి వినిపించాను.

"మోసం అన్న మాట తీసేసి ఇంకేదైనా రాయలేవా బాబూ?"

"లేదమ్మా. ఆ మాట ఉంటేనే మీ కన్ను."

"మళ్ళీ ఫోన్ చెయ్యదు కదూ."

"చెయ్యదు."

ఆవిడ సంతకం పెట్టింది. కుట్టుపనివాళ్ళ సంతకం, వంకర లేదు. పెట్టాక ఆ బొమ్మ కాగితం మీద తీసి ఇస్తారా అని అడిగింది. ఇస్తానన్నాను.

నాలుగూ ముప్పై ఒకటికి చక్రవడ్డీ టాబ్లెట్ మీద అభ్యంతరం లేదని నొక్కాడు. "ఐదు దాకా వెనక్కి తీసుకునే హక్కు నాకుంది" అన్నాడు లేస్తూ. "ఈలోగా ఇలాంటి యాడ్‌ఆన్ మోసం ఫైలు కొత్తగా ఏది తెరుచుకున్నా ముందు నా తెర మీదే పడుతుంది. కింద మెట్ల మీదే ఉంటా. మీ అదృష్టం ఎలా ఉందో చూద్దాం."

అతను దిగిపోయాక కుర్చీ ఖాళీ అయింది గానీ నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"పోలీసులకి గొంతు గురించి రాయాలమ్మా. ఎలా ఉంటుంది?"

"మెత్తగా ఉంటుంది. నవ్వేముందు చిన్నగా ఊపిరి పీలుస్తుంది." ఆవిడ ఆలోచించింది. "వెనకాల ఫ్యాను ఉంటుంది బాబూ. మూడు తిరుగుళ్ళకి ఒకసారి కిర్రుమంటుంది. మిషన్లతో బతికే చెవి కదా, నాకు ముందు అదే వినిపిస్తుంది. ఒక్క చుక్క నూనె వేయించుకోవే అని ఎన్నిసార్లు చెప్పానో."

కలం ఆగింది. లోకంలో కిర్రుమనే ఫ్యాన్లు లక్ష ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

"పద్దెనిమిదినే కట్టమని తనే చెప్పిందా?"

"తనే. లిమిట్‌లో ఎక్కువ వాడొద్దని కూడా భలేగా చెప్పేది. కార్డంటే పక్కింటివాళ్ళ నిచ్చెనమ్మా, పది మెట్లుంటాయి, మూడో మెట్టు దాటకండి అనేది. నీకెవరు చెప్పారే ఇన్ని మాటలు అంటే, మా అన్నయ్య చెప్పాడు, వాడికి అన్నీ తెలుసు అనేది."

వస్తానమ్మా అని ఎలా అన్నానో, బయటికి ఎలా వచ్చానో నాకు సరిగ్గా గుర్తులేదు. తలుపు వెనకాల మిషన్ మొదలైంది. నేను మెట్ల పైన నిలబడి సంచీ అడుగునుంచి ఫోన్ తీశాను. పదకొండు మెసేజ్‌లు. చూస్తుండగానే వెలిగింది. మా కంపెనీ నంబరే. నా కార్డూ వాళ్ళదే.

"సార్, కార్డు భద్రత నుంచి మాట్లాడుతున్నాను. ఇందాకణ్ణించి ప్రయత్నిస్తున్నాం" అన్నాడు ఒక కుర్రగొంతు గుమాస్తా. "మీ యాడ్‌ఆన్ కార్డు మీద మూడూ పన్నెండు నుంచి ఆరు కొనుగోళ్ళు జరిగాయి. ఏడోది నగల కొట్టులో ఆపి ఉంచాం. అన్నీ కలిపి నాలుగు లక్షల పది వేలు. మీకు తెలిసే జరుగుతోందా సార్?"

నాకు యాడ్‌ఆన్ కార్డు లేదు అనబోయాను. నాలుగు నెలల కిందటి శుక్రవారం ఒకటి గుర్తొచ్చింది. లిమిట్ పెంచుకోవచ్చు అన్నయ్యా, కోడ్ వస్తుంది చూడు అంది. వచ్చింది. మాటల్లో పడి అంకెలు చదివేశాను. మెసేజ్ చదవలేదు. నా రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి.

"నాలుగో గడిలో ఏముంది?" అన్నాను.

"సార్?"

"సంబంధం. ఏం రాసుంది?"

"చెల్లెలు అని ఉంది సార్."

నాలుగూ నలభై ఎనిమిది. కమ్మీ మీంచి చూస్తే కింద మెట్ల మీద చక్రవడ్డీ బట్టతల, ఒళ్ళో వెలుగుతున్న టాబ్లెట్ కనిపించాయి.

"ఆపిన కొనుగోలుకి రెండు నిమిషాలే గడువు సార్. ఆమె మీవాళ్ళే అంటే వదిలేస్తాం. కాదన్నా, జవాబు రాకపోయినా కంప్యూటరే మోసం ఫైలు తెరిచేస్తుంది. మీ మాటలు రికార్డవుతున్నాయి."

లెక్క నాకు క్షణంలో అర్థమైంది. ఫైలు తెరుచుకుంటే కింద ఆ తెర మీద పడుతుంది. అదే పద్ధతి, అదే మనిషి, ఆమెకి పాఠాలు చెప్పిన అన్నయ్య ఈ కేసు రిపోర్టు రాసిన మనిషే. చుట్టరికం లేదన్న టిక్కు అబద్ధమైపోతుంది. రిపోర్టు చెల్లదు. కాలర్లమ్మ డిపాజిట్ ఐదింటికి పోతుంది, దాంతో పాటు కన్నూ పోతుంది. ఔనంటే ఆ నాలుగు లక్షల పది వేలూ నావి. రికార్డయిన మాట, తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు.

అంత సులభమైన లెక్క. ఇందాక ఆవిడని నలభై సెకన్లకే కసురుకున్నాను. అయినా నేను జవాబుకి అంతకంటే ఎక్కువే తీసుకున్నాను. తను భోంచేశారా అని అడిగిన శుక్రవారాలన్నీ లెక్కపెడుతూ నిలబడ్డాను. వాటిలో ఒక్కటైనా నిజంగా అడిగిందేమో అని ఆ స్థితిలోనూ ఆశపడ్డాను. సిగ్గుగా ఉంది గానీ ఆశపడ్డాను.

"లైన్లో ఉన్నారా సార్? ఆమె మీ చెల్లెలేనా?"

"ఔను" అన్నాను. "మా చెల్లెలే. కొనుక్కోనివ్వండి. ఆ తర్వాత కార్డు ఆపేయండి."

మెట్ల మీద మాట అంత మోగుతుందని నేననుకోలేదు. బహుశా గట్టిగానే అని ఉంటాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి.

కింద చక్రవడ్డీ మెల్లగా తల పైకెత్తాడు. టాబ్లెట్ ఒక చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మీకు చెల్లెలుందా ఆరాగారూ?" అన్నాడు.

ఐదింటికి ఇంకా పదకొండు నిమిషాలుంది. అతను మొదటి మెట్టు ఎక్కాడు.